నాబ్‌లో మూడు పెన్నీలు

మా మేడమ్ తన కంపెనీ అమ్మేస్తున్నానని, కొనేవాళ్ళతో బేరానికి నన్నే కూర్చోబెడుతున్నానని చెప్పిన రోజున ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆవిడతో అన్నాను.

"పాపం, ఎవరు వాళ్ళు?" అంది.

ఆవిడ జాలి ఊరికే పుట్టలేదు. పెళ్ళయి ఈ ఇంగ్లీషువాళ్ళ దేశం వచ్చిన మొదటి వారంలోనే బ్రాక్‌నెల్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో ఆవిడ పక్కనుండగా నేను టమాటాల ధర మీద బేరమాడాను. బిల్లు కొట్టే అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక మేనేజర్ని పిలిచింది. ఆయన నన్నూ టమాటాల్నీ మార్చి మార్చి చూసి, వాటిలో కాస్త మెత్తబడ్డవి ఏరి, పసుపుపచ్చ స్టిక్కరు అంటించి సగం ధరకిచ్చాడు. నేను గెలిచి, ఆవిడ తలవంచుకుని బయటికొచ్చాం. ఆ పూట పప్పులో ఆ టమాటాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ షాపులో మాత్రం ఆవిడ ఇంతవరకూ మళ్ళీ అడుగుపెట్టలేదు.

మాది చీరాలలో బట్టల కొట్టు. మా వీధంతా కొట్లే. మా కొట్టుకి నాలుగు మెట్లు. రేటు నచ్చలేదని లేచిన మనిషిని మొదటి మెట్టు దిగుతుండగా పిలిస్తే మనకి గతిలేదనుకుంటుంది. నాలుగోది దిగనిస్తే పక్క కొట్టువాడు పిలిచేస్తాడు. మూడో మెట్టు మీద పిలవాలి. నాన్న నాకు బడిలో వెయ్యకముందే నేర్పిన విద్య ఇది. తర్వాత ఇంజనీరింగ్ చదివాను, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేశాను, పెద్ద పెద్ద టెక్నాలజీ ఆఫీసులున్న ఊరు చూసుకుని మరీ ఉద్యోగం వెతుక్కున్నాను. తీరా దొరికింది, ఆ అద్దాల ఆఫీసుల వెనక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, రేకుల షెడ్డులో నడిచే ఒక రేడియోల కంపెనీలో విడిభాగాలు కొనే ఉద్యోగం. ఇన్నేళ్ళు చదివి కొట్టు మెట్లకి ఇటువైపు నుంచి అటువైపుకి మారానన్నమాట.

మా రేడియోలు పాటలు వినేవి కావు. మనం మాట్లాడితే అవతలి మనిషి జవాబిచ్చేవి. వాటిలో రెండు రకాలు. ఒకటి హ్యామ్ రేడియో: పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, పెరట్లో ఎత్తుగా యాంటెనా పాతి, న్యూజిలాండ్‌లో ఎవరినో పట్టుకుని "మీ దగ్గర వానా?" అని అడగడానికి పెద్దమనుషులు కొనుక్కునేది. రెండోది సీబీ: పరీక్షా గిరీక్షా లేకుండా లారీ డ్రైవర్లు దారి పొడుగునా ఒకరితో ఒకరు కబుర్లాడుకునేది. మొదటి రకంవాళ్ళు రెండో రకంవాళ్ళని మనుషుల్లో లెక్కెయ్యరు. మా కంపెనీ ఇద్దరికీ అమ్ముతుంది, ఒకరి ముందు రెండోవాళ్ళ ప్రసక్తి తేదు. చేరిన రోజే ఈ పద్ధతి నాకు సొంత ఇంట్లో ఉన్నట్టు అనిపించింది.

కంపెనీ పెట్టింది మేడమ్ వాళ్ళ నాన్న. ఆయన పోయి చాలాకాలమైంది. షెడ్డులో మిగతా అందరూ ఆవిడని పేరు పెట్టే పిలుస్తారు. మా అమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, మేడమ్ అనడం మొదలుపెట్టాను. మొదట్లో వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేది. తర్వాత అలవాటుపడింది. ఇప్పుడు వేరేవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే కాస్త నొచ్చుకుంటోందని నా అనుమానం.

కొంటామన్నది ఈ దేశంలోనే ఉత్తరాన ఉన్న ఒక పెద్ద కంపెనీ. పేరు కావాలన్నారు, డిజైన్లు కావాలన్నారు, షెడ్డునీ మనుషుల్నీ ఉంచుతామన్నారు. వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి కంపెనీ చరిత్ర నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. అక్కర్లేదన్నది ఒక్కటే: రిపేరు బల్ల.

"ధర ఎంతకి తెగ్గొడతావో నీ ఇష్టం," అంది మేడమ్. "బల్ల మాత్రం ఉండాలి. బల్ల లేకపోతే అమ్మను."

"అమ్మకపోతే?"

"మూసేస్తాను. నా మోకాళ్ళు ఇంకో చలికాలం ఈ షెడ్డులో తిరగవు."

బేరంలో ఇలాంటి మాటలు చాలా విన్నాను. తొంభై పాళ్ళు ఉత్తివే ఉంటాయి. ఈవిడది మిగతా పది పాళ్ళలోదని ముఖం చూస్తే తెలిసింది. నాతో సహా పాతికమందిమి ఆ బల్ల కాళ్ళ మీదే నిలబడి ఉన్నామని ఆ పూట లెక్క తేలింది.

ఆ బల్ల షెడ్డు మూలన కిటికీ పక్కన ఉంటుంది. దాని వెనక గోధుమరంగు కోటు వేసుకుని ఒక పెద్దాయన. మేడమ్ వాళ్ళ నాన్న చేతికింద పని నేర్చుకున్న చివరి మనిషి. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు వాతావరణం గురించి. మేడమ్ వాళ్ళ నాన్న మొదటి సెట్టు అమ్మిన నాడే ఒక మాట అచ్చువేయించాడట: కొన్నవాళ్ళు బతికున్నంతకాలం కాదు, సెట్టు బతికున్నంతకాలం బాగుచేసిస్తాం అని. సెట్లు మనుషులకంటే మొండివి. తాత కొన్న సెట్టు మనవడు బుట్టలో పెట్టుకుని తెస్తాడు. ఇంకో ఆచారం కూడా ఉంది. కొత్త సెట్టుని సరిచూసినవాళ్ళు దాని మూత లోపలివైపు పెన్సిలుతో పొట్టి సంతకం పెడతారు. ఆ తర్వాత ఎప్పుడు రిపేరుకొచ్చినా, చేసినవాళ్ళు దాని కిందే తమ సంతకం పెడతారు. కొన్ని పాత సెట్ల మూత తిప్పి చూస్తే శుభలేఖ అడుగున బంధుమిత్రుల పేర్లలా ఉంటాయి.

ఇక నా ఘనకార్యం.

చేరిన మొదటి ఏడాది. హ్యామ్ సెట్టు ముందు భాగంలో స్టేషన్లు పట్టుకోవడానికి పెద్ద గుండ్రటి నాబ్ ఒకటి ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో ఒకాయన ఇత్తడి కడ్డీని లేతు మీద చెక్కి, పైన నల్లరంగు వేసి పంపేవాడు. ఒకటి చేతిలోకి తీసుకుంటే పచ్చడిబండలా బరువు. నాకు ఒళ్ళు మండింది. నల్లరంగు కింద ఇత్తడి ఉందో ఇనుముందో ఎవడికి తెలుసు? కనిపించని చోట ఇత్తడి పెట్టడం అంటే చీర లోపలి మడతలకి జరీ వేసినట్టు. నెల రోజులు ఫోన్లు చేసి, లోపల డొల్లగా ఉండే అల్యూమినియం నాబ్ ఒకటి, అదే సైజు, అదే నలుపు, మూడో వంతు ధరకి కుదిర్చాను. బర్మింగ్‌హామ్ ఆయనకి థాంక్యూ చెప్పేశాను.

మా కొట్లో పెద్ద బేరం కుదిరితే స్వీట్లు పంచడం ఆనవాయితీ. లీసెస్టర్‌లో ఉండే స్నేహితుడి చేత లడ్డూల డబ్బా తెప్పించి షెడ్డంతా పంచాను. ఎవరో ముందుగా చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కలిసి హ్యాపీ బర్త్‌డే పాడారు.

ఈ దేశపు ఆఫీసుల్లో ఎవరి పుట్టినరోజు కేకు వాళ్ళే తెచ్చుకుని పంచుకోవాలని నాకు అప్పటికి తెలియదు. కాదని చెప్పబోయాను. చెబితే మరి దేనికని అడుగుతారు. "మీ సెట్టులో ఇత్తడి పీకేయించినందుకు" అనాలి. నవ్వి ఊరుకున్నాను. అదే అలవాటైపోయింది. మైకు సాకెట్లు తగ్గించినప్పుడు లడ్డూలు, అట్టపెట్టెల రేటు తగ్గించినప్పుడు లడ్డూలు. ఏడాదికి మూడు నాలుగు పుట్టినరోజులు వచ్చాయి. స్టోర్స్‌లో ఒకావిడ ఒకసారి మెల్లిగా అడిగితే, మా పంచాంగంలో తిథులు వేరని చెప్పాను. మర్యాదస్తులు, ఇంకేం అడగలేదు.

అలా పన్నెండేళ్ళలో నాకు బేరగాడినని పేరొచ్చింది. ఆ పేరు చూసే మేడమ్ నన్ను ముందు కూర్చోబెట్టింది. కాబట్టి కథ మొత్తానికి మూలం ఆ నాబే.

చరిత్ర రాయడానికి మేడమ్ గదిలో కూర్చున్నాం. కంపెనీ పాత బ్రోషరులో ఒక చరిత్ర ఉంది. ఆయన పుట్టుకతో ఇంజనీరనీ, తోట వెనక చిన్న షెడ్డులో దీపం పెట్టుకుని మొదటి సెట్టు తయారుచేశాడనీ. చిత్రపటానికి దండ వేసినట్టుంటుంది ఆ భాష.

"ఇదంతా నిజమేనా మేడమ్?"

ఆవిడ బిస్కెట్టుని టీలో ముంచి, అది విరిగి కప్పులో పడేదాకా ఆలోచించింది.

"తోట లేదు," అంది.

నెమ్మదిగా బయటికొచ్చింది. ఆయనకి సంతలో ఒక బల్ల ఉండేదట. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న రేడియో సామాను, అంటే వాల్వులు, వైర్లు, హెడ్‌ఫోన్లు, తూకానికి కొని విడిగా అమ్మేవాడట. కొన్నవాళ్ళు పనిచెయ్యట్లేదని వెనక్కి తెచ్చేవారు. డబ్బు వాపసివ్వాలంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేది. వాపసివ్వడం కంటే బాగుచేసివ్వడం నయమని, ముప్పై ఏళ్ళు దాటాక, ఆ సంతలోనే కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్నాడట.

"అంటే రిపేరు బల్ల..."

"డబ్బు వాపసివ్వకుండా ఉండటానికి పెట్టినదే. ఇది రాయకు."

నేను పెన్ను కింద పెట్టేశాను, భక్తితో. మిగతాది ఇంకా బాగుంది. ఎనభైల మొదట్లో ప్రభుత్వం సీబీని అనుమతించగానే జనం ఎగబడ్డారు. ఆయన ఎగబడి తయారుచేశాడు. రెండు మూడేళ్ళకి జనానికి మోజు తీరింది. వాళ్ళింట్లో మెట్ల కిందా, గ్యారేజీలోనూ, మేడమ్ పెళ్ళి బట్టలు పెట్టుకునే అలమారాలోనూ సీబీ సెట్లే. ఆయన దిగులుపడలేదు. లోపల ఒకటి రెండు ముక్కలు మార్చి, ముందు పలక తీసి కొత్తది బిగించి, అదే పెట్టెని కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న హ్యాములకి మొదటి సెట్టు అని అమ్మేశాడు. లారీ డ్రైవర్ల పేరు వింటేనే ముక్కు చిట్లించే పెద్దమనుషులు వాటిని వరసకట్టి కొన్నారట.

మా తాత అమ్ముడుపోని చీరల్ని పరికిణీ గుడ్డలుగా, అవీ పోకపోతే దిండు గలేబులుగా అమ్మేవాడు.

"మేడమ్, మీ నాన్నగారు మావాడు," అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఇంజనీరు అని రాయి," అంది.

ఒక ఫొటో అయినా పెడదామని అడిగాను. సంత బల్ల ఫొటో లేదు. సంతలో ఆయన గల్లాపెట్టెలోని పాత పెన్నీలు, ప్రభుత్వం నాణేలు మార్చాక చెల్లకుండా పోయినవి, ఒక గాజు జాడీ నిండా ఉండేవని ఆవిడే నోరుజారింది.

"అదే ఫొటో తీద్దాం. ఎక్కడుంది జాడీ?"

ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "వాడుకలో ఉంది," అంది.

ఎప్పుడో చెల్లకుండా పోయిన నాణేలు వాడుకలో ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. ఏ గుమ్మానికి అడ్డంగానో పెట్టుకున్నారనుకున్నాను. ఫొటోకి మూత సంతకాలైనా తీద్దామని కెమెరా పట్టుకుని రిపేరు బల్ల దగ్గరికి వెళ్ళాను.

బల్ల మీద నా నాబ్ బోర్లా పడుంది. దాని డొల్లలో మూడు పాత పెన్నీలు, నడుమ బెజ్జాలు వేసి, ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. పక్కనే గాజు జాడీ.

"ఇవేమిటి?"

"బరువు," అన్నాడు పెద్దాయన.

"దేనికి?"

ఆయన ఒక కొత్త సెట్టు నా ముందుకి జరిపి నాబ్‌ని వేలితో ఒక్క తోపు తోశాడు. కదిలి ఆగిపోయింది. ఆ నాబ్ తీసి పెన్నీలున్నది తగిలించి అదే తోపు తోశాడు. అది తిరిగింది. తనంతట తాను, తొందర లేకుండా, ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకి చూసుకుంటూ వెళ్ళి, నాలుగైదు చుట్ల తర్వాత ఎక్కడో మెత్తగా ఆగింది.

"హ్యామ్‌వాళ్ళు సాయంత్రాలన్నీ దీని మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంటారు," అన్నాడు. "నీ నాబ్ వచ్చాక ఉత్తరాలు మొదలయ్యాయి. సెట్టులో ఏదో లోపం ఉంది, ఏమిటో చెప్పలేం, చేతికి ప్రాణం లేనట్టుంది అని. పంపితే పెన్నీలు పెట్టి తిప్పి పంపిస్తాను."

"పన్నెండేళ్ళుగానా?"

"ఇంచుమించు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"అందామనే వచ్చాను. నా చేతిలో లడ్డూ పెట్టావు. పుట్టినరోజు నాడు మనిషితో అలాంటిది ఎలా చెప్తాం?"

"మర్నాడు చెప్పొచ్చుగా!"

"మర్నాడు చెబితే, ముందురోజు మనసులో పెట్టుకుని లడ్డూ తిన్నట్టవుతుంది." సెట్టు పక్కకి జరుపుతూ, "నాలుగు నెలలకి మళ్ళీ అడుగుదామనుకున్నాను. మళ్ళీ నీ పుట్టినరోజు వచ్చింది," అన్నాడు.

"మేడమ్‌కి తెలుసా?"

"జాడీ ఎవరిదనుకున్నావు?"

రిపేరు రిజిస్టరులో కారణం అనే గడి ఒకటుంటుంది. పిడుగు, తేమ, టీ ఒలికింది, అని రాస్తారు. వీటికి ఏం రాస్తున్నారని అడిగాను.

"మామూలు అరుగుదల," అన్నాడు. "నీ పేరు రాయలేను కదా."

జాడీ వైపు చూశాను. అడుగు కనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఒక డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ పని చేస్తుంది. మర్నాటి డ్యూటీల పట్టీ చూసుకుంటున్నదల్లా ఫోను పక్కన పెట్టింది.

"అయితే పన్నెండేళ్ళూ నీ గెలుపుని మోస్తున్నది మూడు చెల్లని డబ్బులన్నమాట."

"అంత ఆనందపడక్కర్లేదు."

"ఆనందం కాదండీ బాబూ. ఆ పెద్దాయన ఎంత మంచాడు! రేపు కొనేవాళ్ళొస్తున్నారుగా, చెప్పెయ్."

"బేరం మధ్యలోనా? మన సరుకులో లోపం మనమే చెప్పుకుంటామా ఎక్కడైనా?"

సోఫాలో ఉన్న మా అమ్మాయి తలెత్తకుండా, "డాడ్, దే సాంగ్ యూ హ్యాపీ బర్త్‌డే ఫర్ దట్?" అంది. అంత సంగ్రహంగా నా ఉద్యోగ చరిత్ర ఎవరూ రాయలేరు.

కొనేవాళ్ళ తరఫున వచ్చింది ముప్పై ఏళ్ళ అమ్మాయి. పుట్టి పెరిగింది లీసెస్టర్‌లో, గుజరాతీవాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్నది వీధి మలుపులో కొట్టు. పాల సీసాల ట్రేల మీద కూర్చుని హోంవర్కు చేసుకుని ఇంతదాన్నయ్యానని మొదటి పది నిమిషాల్లోనే చెప్పింది. నా గుండెలో రాయి పడింది. ఇంగ్లీషువాళ్ళతో బేరం సుఖం. నాలుగు క్షణాలు మాట్లాడకుండా కూర్చుంటే ఇబ్బందిపడి వాళ్ళే రేటు మార్చేస్తారు. ఈ అమ్మాయి ముందు నేను మాట్లాడకుండా కూర్చుంటే తనూ హాయిగా కూర్చుంది. మేం కూర్చున్న షెడ్డు క్యాంటీన్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి మేడమ్ తట్టుకోలేక అందరికీ టీ పోసింది.

ధర గురించి రెండు గంటలు లాగాం. మూడో గంటలో నన్ను "అంకుల్" అంది. అప్పుడే నాకు తెలిసింది, ఓడుతున్నానని. మా కొట్లో కొనడానికొచ్చిన ప్రతి ఆవిడనీ "పిన్నిగారూ" అని పిలిచిన నోరు ఇది. ఆ వరసలు ఎందుకు కలుపుతారో నాకు తెలియదా?

తర్వాత బల్ల సంగతి వచ్చింది. రిపేరు రిజిస్టరు తెమ్మంది. పెద్దాయన్ని పిలిపించింది. ఆయన కోటు గుండీలు పెట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇక్కడ చూడండి," అంటూ వేలు పెట్టి చదివింది. "కొని మూడు నెలలు. కారణం, మామూలు అరుగుదల. కొని ఆరు వారాలు. మామూలు అరుగుదల. పేజీకి సగం ఇవే. ఆరు వారాల్లో ఏం అరుగుతుంది? నాకు రెండే తోస్తున్నాయి. మీ సరుకు నాసిరకమైనా అయ్యుండాలి, పని లేనిచోట ఎవరో పని పుట్టించుకుంటూ అయినా ఉండాలి."

పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు. ఆయనా మేడమూ నావైపు మాత్రం చూడలేదు. ఎంత జాగ్రత్తగా చూడలేదంటే, గోడ మీద ఫైర్ డ్రిల్ నోటీసుని ఇద్దరూ మొదటిసారి చదువుతున్నట్టు చదివారు.

వెంటనే లేచి నిజం చెప్పేశానని రాయాలని ఉంది. చెప్పలేదు. టీ తాగాను. కప్పు ఖాళీ అయ్యాక కూడా తాగాను. నాబ్ సంగతి చెబితే సరుకు విలువ పడిపోతుందని ఒక లెక్క. అది బయటికి చెప్పుకునే లెక్క. లోపలి లెక్క వేరు: పన్నెండేళ్ళ లడ్డూలు.

ఆ అమ్మాయి సూటిగా ఆయన్నే అడిగింది. "ఇది నిజంగా అరుగుదలేనా?"

"అవును," అన్నాడాయన.

అబద్ధం అలవాటు లేని మనిషని ఎవరైనా చెప్పగలరు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి రిజిస్టరు మూసేసింది. "అయితే క్షమించండి. బల్లా వద్దు, ఈ రాతలు రాసిన మనిషీ వద్దు."

"ఒక్క నిమిషం," అన్నాను.

బల్ల దగ్గరికి వెళ్ళి రెండు సెట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఒకటి నా నాబ్‌ది, ఒకటి పెన్నీలది. "వేలితో తొయ్యండి," అన్నాను. తోసింది. మొదటిది ఆగిపోయింది. రెండోది తిరుగుతుంటే, అది ఆగేదాకా ఆమె కళ్ళు తిప్పుకోలేదు. మళ్ళీ తోసింది. నేను నాబ్ పీకి తిరగేసి పెన్నీలు చూపించాను.

"అరిగిందేమీ లేదు. ఇక్కడ ఇత్తడి ఉండేది. తీసేయించింది నేను. ఆ లోటు పూడ్చింది ఈయన. నా పేరు రాయడం ఇష్టంలేక అరుగుదల అని రాశారు."

"ఎంతకి తెచ్చారు డొల్లది?"

"మూడో వంతుకి."

"మంచి బేరమే, అంకుల్," అంది. అందులో వెటకారం లేదు. అదే బాధ.

"అనే అనుకున్నాను. ఆ రోజు షెడ్డంతా లడ్డూలు కూడా పంచాను."

ఆమె పకపకా నవ్వింది. "మా నాన్న పేడాలు పంచేవాడు!"

నవ్వనిది మేడమే. "అంటే," అంది నెమ్మదిగా, "అవి పుట్టినరోజులు కావా?"

"కావు మేడమ్."

"ఒక్కటి కూడానా?" అన్నాడు పెద్దాయన.

"నవంబరులోది నిజమే."

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పన్నెండేళ్ళు తాము సంతకం పెట్టి నాకిచ్చిన కార్డులన్నీ వాళ్ళ కళ్ళ ముందు తిరిగాయనుకుంటాను. అన్నీ దాచుకున్నాను. ఒక పెట్టెడున్నాయి.

ఆ అమ్మాయి అక్కడే ఆగితే మనిషని అనుకుందును. ఆగలేదు. నాబ్ లోపం బయటపడింది కాబట్టి ధర తగ్గాలంది. నేను, ఇత్తడి నాబ్ మళ్ళీ పెడితే బల్ల మీద పని సగానికి సగం పడిపోతుంది, అప్పుడు బల్ల మీకు బరువే కాదు, పైగా జనం ఈ సెట్లు కొనేది ఆ బల్లని చూసే అన్నాను. బల్ల ఉండాలి, మనిషి ఉండాలి, సెట్టు బతికున్నంతకాలం అన్న మాట కాగితం మీద ఉండాలి. ధరలో కొంచెం దిగుతాను. కొంచెమే.

ఆమె బ్యాగు భుజాన వేసుకుని లేచింది. మా క్యాంటీన్‌కి మెట్లు లేవు. తలుపుదాకా ఏడడుగులు. నాలుగో అడుగు దగ్గర మేడమ్ నా మోచెయ్యి గిల్లింది. నేను పిలవలేదు. ధైర్యం కాదు. బేరమాడే ముఖం ఇక మిగల్లేదు, అంతే. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆమె వెనక్కి తిరిగింది.

"మా కొట్లో తలుపు తీస్తే గంట మోగేది. గంట మోగాకే పిలిచేవాడు నాన్న. మీరెప్పుడు పిలుస్తారు?"

"ఈసారి పిలవను."

బ్యాగు దించింది. కూర్చుంది. బల్ల కాగితంలోకెక్కింది, పెద్దాయనతో సహా, ఆయన తర్వాత వచ్చేవాళ్ళతో సహా. ధరలో ఆమె కొంచెం కొరికింది, నేను కొరకనిచ్చాను. చివర్లో తన చేత్తో ఒక షరతు రాసింది: ఇకమీదట ఏ విడిభాగం మార్చాలన్నా, కొనుగోలు చూసే మనిషి ముందుగా రిపేరు బల్ల దగ్గర పెన్సిలు సంతకం తీసుకోవాలి. కొనుగోలు చూసే మనిషిని నేను. ఆ షరతు కింద సంతకం పెట్టిన సాక్షినీ నేనే.

చరిత్ర పేజీలు కూడా చదివింది. తోట షెడ్డు కొట్టేసి సంత బల్ల రాయమంది. "ఇంజనీర్లు అందరికీ ఉంటారు. గల్లాపెట్టె పెన్నీలు ఎవరికున్నాయి?" అంది. మేడమ్ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. డబ్బు వాపసు సంగతి మాత్రం ఇప్పటికీ రాయనివ్వలేదు. అందుకే ఇక్కడ, ఆవిడ చదవలేని భాషలో రాస్తున్నాను.

మర్నాడు బర్మింగ్‌హామ్ ఆయనకి ఫోను చేశాను. నా గొంతు గుర్తుపట్టాడు. పన్నెండేళ్ళు గుర్తుంచుకున్నాడంటే నేను థాంక్యూ ఎంత బాగా చెప్పానో ఊహించుకోవచ్చు. ఇత్తడి నాబ్‌కి ఒక రేటు చెప్పాడు. పాత రేటు, దాని మీద లోహాల ధర పెరిగినంత, దాని మీద నాకోసం ప్రత్యేకంగా ఇంకొంత. ఆ మూడో ముక్క ఎక్కడ మొదలైందో నాకు స్పష్టంగా వినిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"సరే," అన్నాను.

"ఏమన్నావు?"

"సరే అన్నాను."

"ఒంట్లో బాగుందా?" అని అడిగాడు, నిజంగానే.

నాబ్‌ల పెట్టె వచ్చిన రోజున ముందు బల్ల దగ్గరికే మోసుకెళ్ళాను. పెద్దాయన ఒకటి తీసి అరచేతిలో తూచి, సెట్టుకి తగిలించి, తోశాడు. అది తిరుగుతుండగానే నా రెండో చేతిలో ఉన్న లడ్డూల డబ్బా ఆయన కంటపడింది. ముఖంలో రంగు మారింది.

"ఈసారి ఏం తగ్గించావు?"

"ఏమీ తగ్గించలేదు. అడిగినంతా ఇచ్చాను."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. డబ్బాలోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు, ఒక లడ్డూ తీసుకున్నాడు.

"అయితే హ్యాపీ బర్త్‌డే," అన్నాడు.